ఎదుటి బండి మీద పడని హై బీమ్: ఎలక్ట్రిక్ కారులో కోడింగ్‌తో ఆన్ చేసుకోవడం ఎలా

అమెరికాలో అమ్ముడైన కొన్ని ఎలక్ట్రిక్ కార్ల హెడ్‌లైట్లలో మ్యాట్రిక్స్ ఎల్‌ఈడీలు (ఒక్కొక్కటీ విడిగా వెలిగించి ఆర్పగలిగే చిన్న దీపాలు) ఉంటాయి, కెమెరా కూడా ఉంటుంది, కానీ ఆ రెండూ కలిసి పనిచేయకుండా సాఫ్ట్‌వేర్‌లో తాళం పడి ఉంటుంది. తాళం వేసింది తయారీదారు, వేయించింది ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 108 అనే ఫెడరల్ లైటింగ్ నిబంధన. 2022 దాకా ఆ నిబంధన ప్రకారం హెడ్‌లైట్ వెలిగితే లో బీమ్‌గా వెలగాలి, లేదంటే హై బీమ్‌గా. ఒకే లైటులో ఒక ముక్క హై, పక్క ముక్క లో అనే పద్ధతికి అందులో చోటే ఉండేది కాదు. యూరప్‌లో 2013 ఆడీ ఏ8 మ్యాట్రిక్స్ లైట్లతో రోడ్డెక్కింది. అదే ఏడాది అమెరికాలో ఈ నిబంధన మార్చమని టొయోటా అర్జీ పెట్టింది. రహదారి భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనుమతి ఇచ్చింది 2022 ఫిబ్రవరిలో. అదీ సొంత పరీక్షలతో, సొంత కొలతలతో. యూరప్ నిబంధనలకు సరిపోయే లైటు అమెరికా పరీక్ష కూడా నెగ్గుతుందన్న భరోసా లేదు. అందుకే ఆ తేదీ తర్వాత కూడా చాలా కార్లలో తాళం అలాగే ఉండిపోయింది.

ఆ తాళం తీయడం, అంటే కారు లోపలి కంప్యూటర్లలో సెట్టింగుల విలువలు మార్చే కోడింగ్, పెద్ద పని కాదు, అరగంటలో అయిపోతుంది. అసలు పని దాని ముందూ వెనకా ఉంది: మీ లైటులో నిజంగా మ్యాట్రిక్స్ ఉందో లేదో తేల్చుకోవడం, లైట్ల ఎయిమింగ్ (వెలుగు పడే ఎత్తు, దిశ) సరిచూసుకోవడం, ఆన్ చేశాక ఎదుటి డ్రైవర్ సీటులోంచి ఫలితం చూడటం. ఇవి వదిలేసి కోడింగ్ ఒక్కటే చేసిన కారు రోడ్డు మీద అందరినీ ఇబ్బంది పెడుతుంది. లోపల కూర్చున్న మీకు మాత్రం అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

లోపల జరిగేదేమిటి

ముందు అద్దం వెనక, అద్దం పైభాగంలో ఉన్న కెమెరా చీకట్లో రెండు రకాల వెలుగులను వెతుకుతుంది: ఎదురొచ్చే తెల్లని హెడ్‌లైట్లు, ముందు వెళ్లే ఎర్రని టెయిల్ లైట్లు. కనిపించిన ప్రతి బండికీ ఎడమ అంచు ఏ కోణంలో ఉంది, కుడి అంచు ఏ కోణంలో ఉంది అని లెక్కగట్టి పంపుతుంది. లైట్ కంట్రోలర్ ఆ కోణాల మధ్య పడే ఎల్‌ఈడీలను ఆర్పుతుంది, మిగతావి హై బీమ్‌లోనే వెలుగుతాయి. ఎదుటి బండి చుట్టూ ఒక చీకటి పెట్టె ఏర్పడి, బండి కదిలినకొద్దీ దానితో పాటే కదులుతుంది. పెట్టె అంచులు ఎంత సన్నగా ఉంటాయన్నది ఎల్‌ఈడీల సంఖ్యను బట్టి ఉంటుంది. పోల్‌స్టార్ 2 పిక్సెల్ లైటులో ఒక్కోదానికి 84 ఎల్‌ఈడీలు. పోర్షె టైకాన్ హెచ్‌డీ మ్యాట్రిక్స్‌లో ఒక్కో లైటుకు 32,000 పైచిలుకు పిక్సెళ్లు.

ఇందులో నాలుగు పక్షాలున్నాయి: కెమెరా, కుడి ఎడమ లైట్ల కంట్రోలర్లు, బాడీ కంట్రోలర్ (లైట్లు, తలుపుల్లాంటి వాటిని నడిపే కంప్యూటర్), డాష్‌బోర్డు లేదా స్క్రీన్. నాలుగింటికీ విడివిడిగా "ఈ కారులో ఈ సౌకర్యం ఉంది" అని చెప్పాలి. ఒక్కదానికి చెప్పడం మరిచినా మిగిలిన మూడూ దానికోసం ఎదురుచూస్తూ లోపం కోడ్ పెడతాయి. మీకు ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే వస్తాయి.

ముందు హార్డ్‌వేర్ తేల్చుకోండి

హెడ్‌లైట్ చూడటానికి మ్యాట్రిక్స్‌లా ఉన్నంత మాత్రాన మ్యాట్రిక్స్ కాదు. ఒకే గాజు, ఒకే డిజైన్ వెనక రెండు మూడు రకాల లైట్లు పెట్టి అమ్మడం మామూలే. అందుకని ఇలా తేల్చండి.

వీఐఎన్ (కారు గుర్తింపు) నంబరుతో కారు తయారీ ఆప్షన్ల జాబితా తెప్పించుకోండి. బీఎండబ్ల్యూ అయితే 552 అంటే అడాప్టివ్ ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, 5ఏజెడ్ అంటే లేజర్ లైట్, 5ఏసీ అంటే హై బీమ్ అసిస్టెంట్. 5ఏసీ లేకపోతే కెమెరా వైపు నుంచే చిక్కు. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ అయితే పీఆర్ కోడ్‌ల (కారులో పెట్టిన ఆప్షన్ల సంకేతాలు) జాబితాలో లైట్ల వరుస, హై బీమ్ అసిస్ట్ వరుస రెండూ చూడాలి.

జాబితా కంటే నమ్మకమైన పరీక్ష ఇంకొకటుంది. స్కాన్ టూల్‌తో (కారు కంప్యూటర్లను చదివే పరికరం) హెడ్‌లైట్ మాడ్యూల్‌లోకి (ఆ లైటును నడిపే చిన్న కంప్యూటర్) వెళ్లి ఔట్‌పుట్ టెస్ట్ నడపండి. కారును రాత్రిపూట ఖాళీ గోడ ముందు నిలపండి. మ్యాట్రిక్స్ అయితే హై బీమ్ నిలువు పట్టీలుగా ఒక్కొక్కటీ వెలిగి ఆరుతుంది, లైవ్ డేటాలో కూడా ఒక్కో సెగ్మెంటుకు ఒక్కో విలువ కనిపిస్తుంది. హై బీమ్ మొత్తం ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరితే, లైవ్ డేటాలో లో ఒకటి, హై ఒకటి మాత్రమే ఉంటే, అక్కడితో ఆపేయండి. కోడింగ్ చేస్తే లేని ఎల్‌ఈడీలు పుట్టుకురావు. యూరప్ లైట్లు కొని బిగించడం వేరే కథ, వేరే ఖర్చు.

లైటు గాజు మీద ముద్రించిన అక్షరాలు కూడా చదవండి. అమెరికా లైటు మీద డీఓటీ, ఎస్‌ఏఈ గుర్తులతో పాటు వీఓఎల్ లేదా వీఓఆర్ అని ఉంటుంది. ఈ రెండింటితో ఎయిమింగ్ దగ్గర పని పడుతుంది.

ఎయిమింగ్: ఎవరూ చేయని, అందరూ చేయాల్సిన పని

మామూలు హై బీమ్‌లో లైటు ఒక డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మ్యాట్రిక్స్‌లో ఆ డిగ్రీయే కొంప ముంచుతుంది. ఒక డిగ్రీ అంటే 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు. అమెరికా హైవే లేన్ వెడల్పు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. లెక్క చూడండి: మీ చీకటి పెట్టె దాదాపు సగం లేన్ పక్కకు జరిగింది. ఎదుటి డ్రైవర్ ముఖం మీద ఉండాల్సిన నీడ ఖాళీ రోడ్డు మీద పడింది, వెలుగు పోయి అతని కళ్లలో పడింది. కెమెరా చెప్పిన కోణం సరైనదే, లైట్ కంట్రోలర్ ఆర్పిన ఎల్‌ఈడీ సరైనదే. అయినా ఫలితం తప్పే. ఈ తప్పుకు లోపం కోడ్ రాదు.

ఎయిమింగ్ చూసే ముందు టైర్లలో గాలి డోర్ పక్క స్టిక్కర్ మీద ఉన్నంత పెట్టండి, డిక్కీ ఖాళీ చేయండి, డ్రైవర్ సీటులో ఒకరిని కూర్చోబెట్టండి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే సాధారణ ఎత్తులో ఉంచండి. నేల సమతలంగా ఉండాలి. గోడకు, లైటు గాజుకు మధ్య 25 అడుగులు, అంటే 7.62 మీటర్లు కొలవండి. రెండు లైట్ల మధ్యబిందువుల ఎత్తు నేల నుంచి కొలిచి గోడ మీద టేపు అంటించండి.

లైటు మీద వీఓఆర్ అని ఉంటే లో బీమ్ పై అంచు, అంటే వెలుగూ చీకటీ విడిపోయే గీత, సరిగ్గా ఆ టేపు ఎత్తులో ఉండాలి. వీఓఎల్ అని ఉంటే టేపు కంటే 2.1 అంగుళాలు, సుమారు 5.3 సెంటీమీటర్లు కింద ఉండాలి. యూరప్ లైటు అయితే గాజు దగ్గర శాతంలో రాసి ఉంటుంది. 1.0 శాతం అంటే 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు కిందికి. యూరప్ లెక్కను అమెరికా లైటుకు వాడకండి. అటుదిటు చేస్తే లో బీమ్ కూడా చెడుతుంది.

ఎత్తు గోడ మీద తేలిపోతుంది, అడ్డంగా ఉన్న తేడా తేలదు. ఈమధ్య లైటు మార్చినా, ముందు బంపర్ విప్పి బిగించినా, చిన్న గుద్దు తగిలినా, ముందు అద్దం మార్చినా, సరైన ఎయిమింగ్ యంత్రం ఉన్న చోట లైట్లు, కెమెరా క్యాలిబ్రేషన్ రెండూ చేయించాకే కోడింగ్‌కు రండి. కెమెరాకు ముందు నిలబెట్టే గుర్తుల బోర్డుతో చేసేది ఒక పద్ధతి, కారు నడుపుతుండగా తనంతట తాను సరిచూసుకునేది ఇంకో పద్ధతి. మీ కారుకు ఏది వర్తిస్తుందో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

పరికరాలు

బీఎండబ్ల్యూ ఐ4, ఐఎక్స్ లాంటి వాటికి ఫోన్ యాప్ బిమ్మర్‌కోడ్ ఉంది, ల్యాప్‌టాప్ మీద ఈ-సిస్ ఉంది. ఓబీడీ సాకెట్‌లో (స్కాన్ టూల్ తగిలించే చోటు) పెట్టే అడాప్టర్ ఈనెట్ రకం అయితే మంచిది. అది కారుతో ఈథర్‌నెట్ దారిలో మాట్లాడుతుంది కాబట్టి వేగం ఎక్కువ, మధ్యలో తెగిపోవడం తక్కువ. చవకైన బ్లూటూత్ అడాప్టర్‌తో లోపం కోడ్‌లు చదువుకోవచ్చు కానీ రాసే పనికి దాన్ని నమ్మొద్దు. యాప్‌లో మీ మోడల్, మీ తయారీ నెల ఉన్నాయో లేవో డబ్బు కట్టేముందే చూసుకోండి. కొత్త కార్లలో కొన్ని మాడ్యూళ్లు సంతకం చేసిన కోడింగ్ డేటాను తప్ప ఒప్పుకోవు. అక్కడ యాప్ చదువుతుంది, రాయలేదు.

ఫోక్స్‌వ్యాగన్ ఐడీ కుటుంబానికీ, ఆడీ ఎలక్ట్రిక్ కార్లకూ ఓబీడీలెవెన్, వీసీడీఎస్, కంపెనీ సొంత టూల్ ఓడిస్ వాడతారు. 2020 నుంచి వచ్చిన వేదికల్లో, ఐడీ కార్లతో సహా, ఎస్‌ఎఫ్‌డీ అనే రక్షణ ఉంది. మాడ్యూల్‌లో ఏదైనా రాయాలంటే ముందు ఇంటర్నెట్ ద్వారా టోకెన్ తెచ్చి తాళం తీయాలి. ఆ అనుమతి 90 నిమిషాలే ఉంటుంది, ఒక్కో మాడ్యూల్‌కు విడిగా తీసుకోవాలి. పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఫోన్ సిగ్నల్ లేని చోట ఈ పని మొదలుపెట్టి మధ్యలో చిక్కుకుపోయే వాళ్లు తక్కువేం కాదు.

12 వోల్టుల బ్యాటరీ సంగతి

ఎలక్ట్రిక్ కారు కదా, కింద అంత పెద్ద బ్యాటరీ ఉంది కదా అనుకుంటే పొరపాటే. మాడ్యూళ్లన్నీ నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీద. పెద్ద బ్యాటరీ నుంచి దానికి కరెంటు ఇచ్చేది డీసీ-డీసీ కన్వర్టర్. కారు డ్రైవ్‌కు సిద్ధంగా ఉన్నప్పుడు అది పనిచేస్తుంది. ఇగ్నిషన్ మాత్రమే ఆన్‌లో ఉన్న స్థితిలో కన్వర్టర్ నడుస్తుందా లేదా అన్నది కారును బట్టి మారుతుంది. నడవకపోతే లైట్లు, స్క్రీన్లు, ఫ్యాన్లు అన్నీ కలిసి పావుగంటలో వోల్టేజీని దించేస్తాయి. రాస్తుండగా వోల్టేజీ పడిపోతే మాడ్యూల్ సగం రాతతో ఆగిపోతుంది.

12 వోల్టుల టెర్మినళ్లకు స్థిరంగా 13.5 నుంచి 14 వోల్టులు ఇచ్చే పవర్ సప్లై తగిలించండి. కనీసం 30 ఆంపియర్లు ఇవ్వగలగాలి. రాత్రంతా పెట్టి వదిలేసే చిన్న చార్జర్ చాలదు. 12 వోల్టుల బ్యాటరీ లిథియం రకం అయితే దానికి సరిపడే చార్జర్ వాడాలి. పవర్ సప్లై లేకపోతే డ్యాష్‌లో గానీ టూల్‌లో గానీ వోల్టేజీ కనబడేలా పెట్టుకొని, 12.5 దిగగానే ఆపేయండి. చార్జింగ్ కేబుల్ తీసేయండి, అది గుచ్చి ఉంటే కొన్ని కార్లు డ్రైవ్‌కు సిద్ధమయ్యే స్థితిలోకి రావు. నారింజ రంగు (అధిక వోల్టేజీ) వైర్ల జోలికి ఈ పనిలో ఎక్కడా వెళ్లాల్సిన అవసరం రాదు. వచ్చిందనిపిస్తే మీరు తప్పు చోట ఉన్నట్టు.

కారు మధ్యలో నిద్రపోకుండా చూసుకోవాలి. బీఎండబ్ల్యూలో బ్రేక్ తొక్కకుండా స్టార్ట్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే డయాగ్నోసిస్ స్థితిలోకి వస్తుంది, ఇగ్నిషన్ తనంతట తాను ఆగిపోదు. ఐడీ కార్లలో డ్రైవర్ సీటు దిగితే కారు ఆఫ్ అయిపోతుంది. కాబట్టి కోడింగ్ పూర్తయ్యేదాకా సీటులోనే కూర్చోండి. ల్యాప్‌టాప్‌ను పక్క సీటులో పెట్టుకోండి. ఏదో మరిచిపోయామని లేచి వెళ్లే పని పెట్టుకోకండి.

బ్యాకప్

ఏ ఒక్క విలువ మార్చకముందే కారు మొత్తం స్కాన్ చేసి లోపం కోడ్‌లన్నీ ఫైలుగా దాచండి. పాత కోడ్‌లు ఉంటే వాటి సంగతి ముందు చూడండి. లేకపోతే తర్వాత వచ్చిన కోడ్ మీ వల్ల వచ్చిందో, ముందునుంచే ఉందో తెలియదు. ఆ తర్వాత మార్చబోయే ప్రతి మాడ్యూల్‌దీ కోడింగ్, అడాప్టేషన్ (కోడింగ్‌కు విడిగా ఉండే సర్దుబాటు విలువలు) రెండూ దాచండి. చాలామంది కోడింగ్ దాచి అడాప్టేషన్ వదిలేస్తారు. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబంలో లైట్ల విషయం సగానికి పైగా అడాప్టేషన్‌లోనే ఉంటుంది. బిమ్మర్‌కోడ్ తాను రాసే ముందు బ్యాకప్ తీసుకుంటుంది. అయినా దాన్ని ఫోన్ బయట కూడా ఒక కాపీ పెట్టండి. ఫోన్ మారితే బ్యాకప్ పోయిందనే మాట వినవలసి రాకూడదు. స్క్రీన్‌షాట్లు తీయడం మొరటు పద్ధతే, కానీ ఆపదలో అవే ఆదుకుంటాయి.

కోడింగ్

విలువల పేర్లు ఎక్కువగా జర్మన్‌లో ఉంటాయి, ఈ నాలుగైదు గుర్తుంటే దారి తప్పరు. ఫెర్న్‌లిష్ట్ అంటే హై బీమ్, ఆబ్‌బ్లెండ్‌లిష్ట్ అంటే లో బీమ్. బ్లెండ్‌ఫ్రై అంటే కళ్లు చెదరనివ్వనిది. ఆక్టివ్, నిష్ట్ ఆక్టివ్ అంటే ఆన్, ఆఫ్. ఫోర్‌హాండెన్ అంటే ఉంది, నిష్ట్ ఫోర్‌హాండెన్ అంటే లేదు.

ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్లలో మూడు పొట్టి పేర్లు తప్పనిసరిగా తెలియాలి. ఎఫ్‌ఎల్‌ఏ అంటే మామూలు హై బీమ్ అసిస్టెంట్, మొత్తం హై వేస్తుంది, బండి కనబడగానే మొత్తం దించుతుంది. జీఎల్‌డబ్ల్యూ అంటే ముందున్న బండి టైర్ల దాకా వెలుగు పొడవును పెంచి తగ్గించేది, నీడ వేయదు. ఎండీఎఫ్ అంటే మాస్క్ వేసిన నిరంతర హై బీమ్, మీకు కావాల్సింది ఇదే. కెమెరాకు ఎండీఎఫ్ అని చెప్పి బాడీ కంట్రోలర్‌లో ఎఫ్‌ఎల్‌ఏ వదిలేస్తే, రెండూ వేర్వేరు భాషలు మాట్లాడి ఆఖరికి ఏ హై బీమూ రాదు.

వరుస ఇలా పెట్టుకోండి:

1. బాడీ కంట్రోలర్. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబంలో చిరునామా (టూల్‌లో కనిపించే మాడ్యూల్ నంబరు) 09, బీఎండబ్ల్యూలో బాడీ డొమైన్ కంట్రోలర్. ఇక్కడ హై బీమ్ అసిస్ట్ రకాన్ని మాస్క్ రకానికి మార్చాలి, మెనూలో కనిపించేలా చేయాలి.

2. లైట్ కంట్రోలర్లు. కారును బట్టి 29, 39 లేదా డీ6, డీ7, కొన్నింట్లో 4బీ, లైటు ఎత్తు సర్దేది 55. ఎడమకు ఏం రాశారో కుడికీ అదే రాయండి, తర్వాత రెండూ తెరిచి పక్కపక్కన పోల్చండి. ఒకవైపే మారితే ఒక లైటు నీడ వేస్తుంది, రెండోది ఆ నీడలోకే వెలుగు పోస్తుంది.

3. ముందు కెమెరా. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబంలో ఏ5, బీఎండబ్ల్యూలో కాఫాస్. దీన్ని చివరికి దగ్గరగా ఉంచడానికి కారణం ఉంది: ఇది కోణాలు పంపడం మొదలుపెట్టే సరికి వినేవాళ్లు సిద్ధంగా ఉండాలి. లేకపోతే అక్కర్లేని లోపం కోడ్‌లు పేరుకుంటాయి.

4. డాష్‌బోర్డు, స్క్రీన్. మెనూలో గుర్తు రాకపోయినా లైట్లు పనిచేసే కార్లున్నాయి. అయినా ఆఫ్ చేసుకునే దారి మీ చేతిలో ఉండాలి కాబట్టి ఇదీ చేయండి.

ఒక్కో మాడ్యూల్ రాశాక మళ్లీ చదివి, విలువ నిజంగా నిలిచిందో చూడండి. "విజయవంతం" అన్న మాట వచ్చినా విలువ పాతదే ఉండటం జరుగుతుంది. ఎస్‌ఎఫ్‌డీ గడువు దాటితే అలాంటిది ఎదురవుతుంది.

ఇక్కడ ఒక అడ్డదారి గురించి చెప్పాలి. కారు దేశాన్ని అమెరికా నుంచి జర్మనీకి మార్చేసి మొత్తం ఒకేసారి కోడ్ చేయమనే సలహా దొరుకుతుంది. వద్దు. దేశం మారితే దానితో పాటు పగటి లైట్ల ప్రవర్తన, అమెరికాలో తప్పనిసరి అయిన నారింజ రంగు సైడ్ మార్కర్లు, వెనక ఫాగ్ లైటు, కొలతలు ఇలా మీరు అడగనివి ఎన్నో కదులుతాయి. వాటిలో ఏది మారిందో వెతకడానికి వారం పడుతుంది. కావలసిన విలువను మాత్రమే ముట్టుకోండి.

అన్నీ రాశాక లోపం కోడ్‌లు చెరిపి, అడాప్టర్ తీసి, కారు లాక్ చేసి, తాళంచెవి దూరంగా పెట్టి కనీసం 15 నిమిషాలు వదిలేయండి. మాడ్యూళ్లు పూర్తిగా నిద్రపోయి లేచాకే కొత్త విలువలు చదువుకుంటాయి. ఈ 15 నిమిషాలకు ఓపిక లేక, పనిచేయలేదని మళ్లీ కెలికి చెడగొట్టుకోవడం ఈ పనిలో అన్నిటికంటే మామూలు తప్పు.

రోడ్డు మీద పరీక్ష

వీధి లైట్లు ఉన్న చోట ఇది ఆన్ కాదు, తక్కువ వేగంలో కూడా ఆన్ కాదు. ఎంత వేగం నుంచి మొదలవుతుందో యజమాని మాన్యువల్‌లో చూడండి. లైట్ల స్విచ్ ఆటోలో ఉండాలి. అసిస్ట్ ఆన్ చేస్తే డాష్‌బోర్డు మీద "ఏ" అక్షరం ఉన్న హై బీమ్ గుర్తు వస్తుంది.

చీకటిగా, తిన్నగా, రద్దీ లేని రోడ్డు ఎంచుకోండి. ఇంకో కారుతో తోడుగా ఒకరు రావాలి. ఆ కారు ఎదురుగా రోడ్డు పక్కన లైట్లు వేసుకొని ఆగి ఉండాలి. మీరు దాని వైపు నడపండి. దాని చుట్టూ చీకటి పెట్టె రావాలి, రోడ్డు రెండు పక్కలా వెలుగు నిలవాలి. తోడు వచ్చినవారిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మామూలు లో బీమ్ ఎదురొస్తే ఎలా ఉంటుందో అలాగే ఉందా, లేక అంతకంటే ఎక్కువ గుచ్చుకుందా? ఆ తర్వాత స్థానాలు మార్చుకోండి. వాళ్లు మీ కారు నడపాలి, మీరు ఎదుటి సీటులో కూర్చోవాలి. ఫోన్ వీడియోను నమ్మొద్దు, కెమెరా వెలుగును తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది.

తర్వాత వెనకనుంచి పరీక్ష. తోడు కారు ముందు వెళ్తుంటే మీరు వెనక వెళ్లండి, వాళ్ల అద్దాల్లో వెలుగు పడుతోందేమో చెప్పమనండి. టెయిల్ లైట్లు హెడ్‌లైట్ల కంటే మసక కాబట్టి కెమెరా వాటిని ఆలస్యంగా గుర్తిస్తుంది. తప్పు ఉంటే ఇక్కడే ముందు బయటపడుతుంది. మలుపులో, ఎత్తు దాటే చోట కూడా చూడండి. ఎత్తు అవతలి నుంచి బండి తల ఎత్తే క్షణంలో కొద్ది జాప్యం సహజం, అది ప్రతిసారీ ఒక సెకను దాటితే సహజం కాదు.

లివర్ లాగి చేత్తో లో బీమ్‌కు దించడం పనిచేస్తోందా అన్నది మొట్టమొదటే చూడాల్సింది. అది పనిచేయకపోతే మిగతా పరీక్ష మానేసి బ్యాకప్ వెనక్కి రాయండి.

బాగా పనిచేస్తున్న దానికీ హద్దులున్నాయి. ఈ సౌకర్యం వెలుగులను చూసి పనిచేస్తుంది. కాబట్టి కాలినడకన వెళ్లే మనిషికి నీడ వేస్తుందని ఆశించకండి. మసక దీపం ఉన్న సైకిలును వదిలేయవచ్చు. హైవే మధ్య గోడ వెనక ఎదురొచ్చే లారీ హెడ్‌లైట్లు గోడకు దాగిపోతే కెమెరాకు ఏమీ కనబడదు. కానీ ఎత్తులో కూర్చున్న లారీ డ్రైవర్‌కు మీ వెలుగు నేరుగా తగులుతుంది. అలాంటి చోట చేత్తో దించాల్సిందే. వానలో, మంచులో, ముందు అద్దం పైభాగం మురికిగా ఉన్నప్పుడు కూడా అంతే.

పని చేయనప్పుడు

గుర్తు వస్తుంది, కానీ హై బీమ్ మొత్తం వేసి మొత్తం ఆరుతుంది, నీడ లేదు: బాడీ కంట్రోలర్ గానీ కెమెరా గానీ ఎఫ్‌ఎల్‌ఏలో ఉండిపోయింది. వెలుగు పొడవు మాత్రమే పెరిగి తగ్గుతోంది: జీఎల్‌డబ్ల్యూలో ఉంది.

నీడ పడుతోంది కానీ ఒకవైపు అంచులో వెలుగు కారుతోంది: ఎడమ కుడి లైట్ల విలువలు ఒకటి కాకపోవచ్చు. అవి ఒకటే అయితే ఆ వైపు లైటు ఎయిమింగ్ చూడండి. రెండువైపులా నీడ ఒకే దిక్కుకు జరిగి ఉంటే అనుమానం కెమెరా మీదికి పోవాలి, కోడింగ్ మీదికి కాదు.

"కోడింగ్ తప్పు" లేదా "బేసిక్ సెట్టింగ్ జరగలేదు" అన్న లోపం కోడ్‌తో లైట్లు కిందికి వాలిపోయి లో బీమ్‌లో నిలిచిపోయాయి: లైట్ కంట్రోలర్ భద్రత కోసం అలా చేస్తుంది. మొదటి రకమైతే పాత విలువ తిరిగి రాసి, ఒక్కో మార్పూ విడిగా చేస్తూ ఏది పడటం లేదో పట్టుకోండి. రెండో రకమైతే సమతల నేల మీద టూల్‌తో లైటు ఎత్తు బేసిక్ సెట్టింగ్ నడపాలి. నేల వాలుగా ఉంటే ఆ వాలునే సున్నాగా నేర్చుకుంటుంది.

రోడ్డు పక్క సూచిక బోర్డులు చూసి మినుకుమినుకుమంటోంది: ప్రతిఫలించే బోర్డు వెలుగును కెమెరా బండి అనుకుంటోంది, లేదా బోర్డు తిరిగి మీ కళ్లలోకి కొట్టకుండా కావాలనే మసకబారుస్తోంది. అప్పుడప్పుడైతే సహజమే. ప్రతి బోర్డుకూ అలా చేస్తే కెమెరా ముందు అద్దం లోపలి వైపు తుడవండి. కొత్త కార్లలో ప్లాస్టిక్ ఆవిరి పొరలా పట్టి ఉంటుంది.

వారం బాగా పనిచేసి ఒక రోజు మాయమైంది: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. గాలిలో వచ్చే అప్‌డేట్ అయినా, సర్వీస్‌లో వేసింది అయినా, మాడ్యూళ్లను ఫ్యాక్టరీ ఆర్డర్ ప్రకారం తిరిగి కోడ్ చేస్తుంది. పాత బ్యాకప్‌ను కొత్త సాఫ్ట్‌వేర్ మీద గుడ్డిగా రాయకండి. విలువల స్థానాలు మారి ఉండవచ్చు. మళ్లీ చదివి, మళ్లీ కొత్తగా బ్యాకప్ తీసి, అవే విలువలను చేత్తో మార్చండి. కొన్ని అప్‌డేట్లు ఒక మాడ్యూల్‌నే మారుస్తాయి, అప్పుడు సగం మాస్క్, సగం ఫ్యాక్టరీ స్థితి మిగులుతుంది. అప్‌డేట్ అయిన ప్రతిసారీ తొలి రాత్రి ప్రయాణానికి ముందే సరిచూసుకోండి.

చట్టం, వారంటీ

ఫెడరల్ చట్టంలో భద్రత పరికరాన్ని పనికిరాకుండా చేయకూడదన్న నిషేధం తయారీదారులకు, డీలర్లకు, మరమ్మతు వ్యాపారాలకు వర్తిస్తుంది. సొంత కారు మీద సొంతంగా పని చేసుకునే యజమాని ఆ జాబితాలో లేడు. అందుకే డబ్బు తీసుకొని ఈ కోడింగ్ చేసిపెట్టమంటే చాలా షాపులు ఒప్పుకోవు. అంతమాత్రాన మీకు రోడ్డు మీద స్వేచ్ఛ దొరికినట్టు కాదు, రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి. కాలిఫోర్నియాలో ఎదురొచ్చే బండి 500 అడుగుల్లోపు, ముందు వెళ్లే బండి 300 అడుగుల్లోపు ఉంటే ఎదుటి డ్రైవర్ కళ్లలో పడకుండా వెలుగు దించాలి. మీ లైట్లు తమంతట తామే నీడ వేస్తాయన్న వాదన పోలీసు అధికారి ముందు ఎంతవరకు నిలుస్తుందో ఆ అధికారి కళ్ల మీద వెలుగు పడిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

వారంటీ విషయంలో, కోడింగ్ వల్ల చెడని భాగానికి వారంటీ నిరాకరించడానికి 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అడ్డుపడుతుంది. లైట్లు, కెమెరా చెడితే మాత్రం వాదన మీకు కష్టమవుతుంది. సర్వీస్‌కు ఇచ్చే ముందు బ్యాకప్ తిరిగి రాసి, లోపం కోడ్‌లు చెరిపి, పక్కన ఒక కాగితం మీద ఏ మాడ్యూల్‌లో ఏ విలువ మార్చారో, పాతది ఏమిటో రాసుకొని ఉంచండి. కారు అమ్మేటప్పుడు ఆ కాగితం కొనేవారి చేతికి ఇవ్వండి, లేదా ఫ్యాక్టరీ స్థితికి మార్చి అమ్మండి.